యుద్ధకాల దౌత్యయాత్ర – సైనికాధికారి పరిశీలనలు: కిర్క్‌పాట్రిక్ నేపాల్ రాయబారం (1793)

విషయ ప్రవేశం

యానాం చరిత్ర చదివేవారికి 1793 కొట్టినపిండి. ఆ ఏడాది ఫిబ్రవరి 1న ఫ్రాన్స్ విప్లవ ప్రభుత్వం బ్రిటన్‌పై యుద్ధం ప్రకటించింది. ఆగస్టు 23న పుదుచ్చేరి కోట ఆంగ్లేయుల వశమైంది. యానాంతో సహా భారతదేశంలోని ఫ్రెంచి స్థావరాలు వరుసగా చేజారాయి. 1814 పారిస్ ఒప్పందం తరువాత, 1816–17లో గానీ అవి స్థిరంగా ఫ్రెంచివారి చేతికి తిరిగి రాలేదు. ఫరంపేటలోనో మెట్టకూరులోనో కూర్చుని పోటీ పరీక్షకు తయారయ్యే అభ్యర్థి ఈ వరుసను నిద్రలో అడిగినా చెప్పగలడు.

అదే 1793లో, పుదుచ్చేరి ముట్టడికి కొన్ని నెలల ముందు, ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి ఒకడు రాయబారిగా నేపాల్ కొండలెక్కాడు. పేరు కెప్టెన్ విలియం కిర్క్‌పాట్రిక్. ఆయన వెళ్ళిన పని నెరవేరలేదు. దారిలో చూసినదంతా మాత్రం కాగితాలకెక్కి, 18 ఏళ్ళ తరువాత లండన్‌లో పుస్తకమైంది. ఈ 18 ఏళ్ళ నడుమే ఆయన హైదరాబాద్‌లో నిజాం ఆస్థానానికి రెసిడెంట్‌గా పనిచేశాడు. ఆంధ్ర, తెలంగాణ చరిత్ర సిలబస్‌లో ఈ పేరు ప్రవేశించేది ఆ ద్వారం గుండానే.

నిర్వచనాలు

దౌత్య మండలి: ఒక రాజ్యం నిర్దిష్టమైన పని కోసం, పరిమిత కాలానికి మరో రాజ్యానికి పంపే అధికారిక బృందం. పని ముగిసిన వెంటనే తిరిగి వస్తుంది.

రెసిడెంట్: స్వదేశీ సంస్థానాధీశుని రాజధానిలో స్థిరంగా నివసించే కంపెనీ ప్రతినిధి. ఇది శాశ్వత పదవి. ఒకరు వెళ్తే మరొకరు వస్తారు. కిర్క్‌పాట్రిక్ నేపాల్‌లో మొదటి కోవకు, హైదరాబాద్‌లో రెండో కోవకు చెందుతాడు. ప్రశ్నపత్రంలో ‘నేపాల్‌లో రెసిడెంట్‌గా ఉన్న కిర్క్‌పాట్రిక్’ అని కనిపిస్తే ఆ వాక్యం తప్పు.

మధ్యవర్తిత్వం: పోరాడుతున్న ఇరుపక్షాల మధ్య సంధి కుదర్చడానికి, వారి అంగీకారంతో మూడోపక్షం చేసే ప్రయత్నం. సైనిక సహాయం దీనికి పూర్తిగా భిన్నం. అందులో మూడోపక్షం ఒకవైపు చేరిపోతుంది. చైనాతో యుద్ధంలో నేపాల్ కోరింది సైనిక సహాయం, కంపెనీ ఇవ్వజూపింది మధ్యవర్తిత్వం. ఈ ఒక్క తేడా పట్టుబడితే మిగిలిన చరిత్రంతా సులువుగా గుర్తుంటుంది.

రాయబారం అనే మాట గోదావరి జిల్లాల వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. పాండవోద్యోగ విజయాలు నాటకం చూసిన ప్రతివారికీ కృష్ణుడు యుద్ధానికి ముందే హస్తినకు వెళ్ళాడని తెలుసు. కిర్క్‌పాట్రిక్ రాయబారం నేపాల్–చైనా యుద్ధం ముగిశాక నడిచింది. అదే దీని ప్రత్యేకత.

నేపథ్యం

గూర్ఖా రాజు పృథ్వీనారాయణ్ షా 1768లో కాఠ్‌మాండూను, 1769లో భక్తపూర్‌ను జయించి నేపాల్ లోయను ఏకం చేశాడు. అంతకుముందే, 1767లో, లోయలోని మల్ల రాజులకు సహాయంగా కంపెనీ పంపిన కెప్టెన్ కిన్లోక్ సేన సింధూలీ దగ్గర దెబ్బతిని వెనుదిరిగింది. ఆ అనుభవం వల్ల గూర్ఖా పాలకులు తెల్లవారిని గుమ్మం బయటే ఉంచారు. 1775లో పృథ్వీనారాయణ్ షా మరణించాడు. 1790ల ఆరంభానికి ఆయన మనుమడు రణబహదూర్ షా బాలరాజుగా సింహాసనంపై ఉన్నాడు. బాబాయి బహదూర్ షా రాజప్రతినిధిగా పాలించేవాడు.

టిబెట్‌తో తగాదాకు మూలం నాణేలు. టిబెట్‌లో చలామణీ అయ్యే వెండి నాణేలు చాలాకాలం నేపాల్‌లోనే ముద్రణ అయ్యేవి. మల్ల రాజులు చివరి రోజుల్లో వాటిలో రాగి కలిపి నాసిరకం చేశారు. గూర్ఖాలు వచ్చి స్వచ్ఛమైన వెండి నాణెం తెచ్చేసరికి పాతదానికీ కొత్తదానికీ మారకం ఎంత అన్న పేచీ మొదలైంది. టిబెట్ ఉప్పులో కల్తీ ఉందన్న ఫిర్యాదు దీనికి తోడైంది. 1788లో యుద్ధం వచ్చింది. 1789లో కేరుంగ్ ఒప్పందం ప్రకారం టిబెట్ ఏటా కప్పం కట్టడానికి ఒప్పుకుంది. కప్పం ఆగిపోవడంతో 1791లో గూర్ఖా సేన మళ్ళీ టిబెట్‌లో ప్రవేశించి, షిగాట్సే పక్కనున్న తాషిల్హున్‌పో మఠాన్ని దోచుకుంది. పంచెన్ లామాకు అది పీఠం.

టిబెట్‌పై అధికారం చైనా చక్రవర్తి చియెన్‌లుంగ్‌ది. ఆయన 1792లో సేనాపతి ఫుకాంగన్‌ను పంపాడు. చైనా సేన హిమాలయం దాటి, కాఠ్‌మాండూకు వాయవ్యంగా ఉన్న నువాకోట్ సమీపానికి, బేత్రావతీ నది దాకా దిగింది. రాజధాని అక్కడికి కొద్ది రోజుల నడక దూరమే.

నేపాల్ ఇక దక్షిణం వైపు చూడక తప్పలేదు. అంతకుముందే, అదే ఏడాది మార్చి 1న, కాశీలో కంపెనీ రెసిడెంట్ జొనాథన్ డంకన్ ద్వారా నేపాల్‌తో వాణిజ్య ఒప్పందం కుదిరింది. సరుకులపై ఇరువైపులా రెండున్నర శాతం సుంకం అన్నది అందులో ముఖ్యాంశం. చైనా సేన దగ్గరపడుతున్న కొద్దీ నేపాల్ దర్బారు ఈ స్నేహాన్ని పురస్కరించుకుని కంపెనీని యుద్ధ సహాయం అడిగింది. గూర్ఖాలకు సహాయం చేయవద్దని అవతలి నుంచి దలైలామా లేఖ వచ్చింది.

కారన్‌వాలిస్ నిర్ణయం

గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ అప్పుడే మూడో మైసూరు యుద్ధం ముగించి వచ్చాడు. 1792 మార్చి 18 నాటి శ్రీరంగపట్నం సంధి సిరా ఇంకా ఆరలేదు. కాంటన్ రేవులో కంపెనీకి తేయాకు వ్యాపారం ఉంది. చైనా చక్రవర్తికి కోపం వస్తే ఆ వ్యాపారం మూతపడుతుంది. దానికి తోడు లార్డ్ మెకార్ట్నీ నాయకత్వాన బ్రిటిష్ రాయబారం 1792 సెప్టెంబరులో పెకింగ్‌కు ఓడ ఎక్కుతోంది. 1781 నుంచి 1785 వరకు మద్రాసు గవర్నరుగా ఉండి ఉత్తర సర్కారులను పాలించినవాడు ఈ మెకార్ట్నీయే.

అందుకని కారన్‌వాలిస్ 1792 సెప్టెంబరులో నేపాల్‌కు ఇలా జవాబిచ్చాడు: సేనను పంపడం కుదరదు, మీకూ చైనాకూ మధ్య సంధి కుదర్చడానికి నమ్మకమైన అధికారిని పంపుతాం. ఆ అధికారిగా కిర్క్‌పాట్రిక్‌ను ఎంచుకున్నారు.

ఉత్తరం నడిచిన వేగం కంటే యుద్ధం వేగంగా నడిచింది. వానాకాలం ముగిసేలోగా నేపాల్, చైనా సేనాపతి రాజీపడ్డారు. పెకింగ్‌కు ఐదేళ్ళకోసారి కానుకలతో రాయబారం పంపడానికి నేపాల్ ఒప్పుకుంది. ఈ ఆనవాయితీ 20వ శతాబ్ది ఆరంభం వరకు సాగింది.

కిర్క్‌పాట్రిక్ పట్నా చేరేసరికి మధ్యవర్తి అవసరం తీరిపోయింది. నేపాల్ దర్బారుకు ఇప్పుడతను పిలవకపోతే బాగుండునన్న అతిథి. అయినా అడిగింది తామే కనుక రావద్దనలేకపోయారు. కారన్‌వాలిస్ కూడా వెనక్కి రమ్మనలేదు. సంధి సంగతి పోయినా వాణిజ్య ఒప్పందం అమలు గురించి మాట్లాడవచ్చు, అన్నిటికీ మించి ఎవరూ చూడని దేశాన్ని చూసి రావచ్చు. నా ఉద్దేశంలో ఈ చివరి కారణమే అసలుది. పుస్తకంలో రాజకీయ చర్చల కంటే దారులు, వాగులు, కోటలు, పంటలు ఎక్కువ చోటు ఆక్రమించడమే అందుకు సాక్ష్యం.

వ్యక్తి పరిచయం

విలియం కిర్క్‌పాట్రిక్ (1754–1812) బెంగాల్ సైన్యానికి చెందినవాడు, పారశీక భాషలో దిట్ట. ఆనాటి అనేక దర్బారుల్లో రాజభాష పారశీకమే కనుక, ఆ భాష వచ్చిన సైనికుడికి రాయబారం దానంతటదే వచ్చేది. సింధియా ఆస్థానంలో కొంతకాలం కంపెనీ ప్రతినిధిగా ఉన్నాడు. మూడో మైసూరు యుద్ధంలో కారన్‌వాలిస్ దగ్గర పారశీక దుబాసీగా పనిచేశాడు. ‘దుబాసీ’ అంటే రెండు భాషలవాడు. మద్రాసు తీరంలో తెలుగు వర్తకులు ఎందరినో పైకి తెచ్చిన కొలువు అది.

బృందంలో శామ్యూల్ స్కాట్, రక్షక దళానికి నాయకుడైన డబ్ల్యు.డి. నాక్స్, జాన్ జెరార్డ్, వైద్యుడు ఆడమ్ ఫ్రీర్ ఉన్నారు. అబ్దుల్ ఖాదిర్ ఖాన్ అనే మౌల్వీ కూడా ఉన్నాడు. డంకన్ తరఫున వాణిజ్య ఒప్పందం వ్యవహారం నడిపింది ఈయనే. తెల్ల అధికారుల పేర్లు బట్టీపట్టి ఈ మౌల్వీని వదిలేయడం అభ్యర్థుల అలవాటు. నేపాల్ దర్బారుకు ముందే పరిచయమున్న మనిషి బృందంలో ఆయనే. కిర్క్‌పాట్రిక్ తిరిగి వచ్చిన తరువాత, 1795లో, కంపెనీ మళ్ళీ నేపాల్‌కు పంపింది కూడా ఆయననే.

ప్రయాణ మార్గం

1793 ఫిబ్రవరిలో బృందం తరాయిలో ప్రవేశించింది. హేటౌడా, మక్వాన్‌పూర్ ప్రాంతం, భీమ్‌ఫేదీ, చీసాపానీ కోట, చంద్రగిరి కనుమ, కాఠ్‌మాండూ లోయ, నువాకోట్ – ఇదీ వరుస. బాలరాజు, రాజప్రతినిధి బహదూర్ షా అప్పుడు నువాకోట్‌లో ఉన్నారు. కలుసుకోవడం అక్కడే జరిగింది. ఏప్రిల్ నాటికి బృందం కొండలు దిగింది.

ఫిబ్రవరిలో వెళ్ళి ఏప్రిల్‌లో దిగడం యాదృచ్ఛికం కాదు. తరాయి అడవిలో ఎండ ముదిరింది మొదలు శీతకాలం వరకు ‘ఔల్’ అనే ప్రాణాంతక జ్వరం ఉండేది. అది మలేరియా. రంపచోడవరం, చింతపల్లి కొండల్లో మన పెద్దలు ‘మన్యం జ్వరం’ అని భయపడినది ఇదే. నేపాల్‌కు కోటగోడ కంటే గట్టి రక్షణ ఈ జ్వరం. దండెత్తే సైన్యానికి ఏడాదిలో కొన్ని నెలలే దొరికేవి. రాయబారం రాకపోకలూ ఆ కిటికీలోనే జరగాలి.

భీమ్‌ఫేదీ దాటాక బండి, పల్లకి పనికిరావు. బొంగుకు ఉయ్యాలలా గుడ్డ కట్టి, అందులో మనిషిని కూర్చోబెట్టి ముందొకరు వెనకొకరు భుజాన మోస్తారు. మన ఏజెన్సీ గూడేల నుంచి గర్భిణులను ఆస్పత్రికి మోసుకొచ్చే డోలీకి ఇది దగ్గరి చుట్టం.

పరిశీలనలు – వర్గీకరణ

పుస్తకం పూర్తి పేరును తెలుగులో చెబితే ‘నేపాల్ రాజ్య వృత్తాంతం: 1793లో ఆ దేశానికి వెళ్ళిన రాయబారంలో చేసిన పరిశీలనల సారం’ అవుతుంది. 1811లో లండన్‌లో విలియం మిల్లర్ ప్రచురించాడు. ఆనాటికి రచయిత హోదా కల్నల్.

సైనిక పరిశీలనలు ఇందులో ప్రధానం. ఏ కనుమ ఎంత నిటారుగా ఉంది, ఏ వాగు ఏ కాలంలో దాటవచ్చు, కోటలో నీళ్ళు ఎక్కడ, మజిలీకి మజిలీకి దూరమెంత అన్నవి ఓపికగా నమోదయ్యాయి. తాను వెళ్ళని పశ్చిమ, తూర్పు ప్రాంతాల దారులను బాటసారులను అడిగి రాసుకున్నాడు. విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు విడివిడిగా పెట్టడం ఈ పుస్తకంలో మెచ్చదగిన గుణం. పటం కూడా జతచేశాడు.

ఖుక్రీ ప్రస్తావనను కాస్త ఆగి చూడాలి. వంకర తిరిగి, లోపలి అంచున పదునుండే ఈ కత్తిని పాశ్చాత్య పాఠకులకు బొమ్మతో సహా పరిచయం చేసిన తొలి రచనల్లో ఇదొకటి. ప్రతి నేపాలీ నడుముకూ అది వేలాడుతుందనీ, ఎక్కువగా దానితో చేసే పని చిన్న చెట్లు, పొదలు నరకడం, కొమ్మలు కొట్టడమనీ ఆయన గమనించాడు. యానాం కొబ్బరితోటలో దింపు కార్మికుడి మొలలో కత్తి ఉన్నట్టే అన్నమాట. పనిముట్టుగా చూసిన అదే కత్తి 21 ఏళ్ళ తరువాత ఆంగ్లేయులకు ఆయుధంగా ఎదురైంది. 1814 అక్టోబరు 31న డెహ్రాడూన్ దగ్గర నాలాపానీ కోట ముట్టడిలో జనరల్ గిలెస్పీ నేలకొరిగాడు. 1806 జూలై 10న వేలూరు సిపాయిల తిరుగుబాటును ఆర్కాటు నుంచి గుర్రాలపై వచ్చి అణచినవాడు ఈ గిలెస్పీయే. మద్రాసు ప్రెసిడెన్సీ చరిత్రకూ నేపాల్ చరిత్రకూ ముడిపడిన పేర్లలో ఇది పరీక్షకు ఇష్టమైనది.

పాలనా పరిశీలనలు రెండో తరగతి. చౌతరియా, కాజీ, సర్దార్, ఖర్దార్, ఖజాంచీ, తక్సారీ, ధర్మాధికారి అనే హోదాలను ఆయన విడదీసి వివరించాడు. చౌతరియా రాజబంధువు, ప్రధాన సలహాదారు. కాజీలు, సర్దార్లు నలుగురేసి. ఖర్దార్ లేఖకుడు, ఖజాంచీ కోశాధికారి, తక్సారీ టంకశాల అధికారి, ధర్మాధికారి న్యాయాధికారి. ‘థర్‌ఘర్’ అనే పాత గూర్ఖా కుటుంబాల పెద్దలకు రాజును నిలదీసేంత పలుకుబడి ఉందని కూడా రాశాడు. భూముల్లో బ్రాహ్మణులకు, ఇష్టులకు పన్ను లేకుండా ఇచ్చేవి ‘బిర్తా’లు. వీటిని మన అగ్రహారాలతో, మాన్యాలతో పోల్చి గుర్తుంచుకోవచ్చు.

లోయ వర్ణనలో ఒక మాట ప్రసిద్ధికెక్కింది. ఇళ్ళెన్ని ఉన్నాయో ఇంచుమించు గుళ్ళూ అన్ని ఉన్నాయనీ, జనమెందరో విగ్రహాలూ అన్నే అనీ ఆయన ఆశ్చర్యపోయాడు. స్వయంభూనాథ్ స్తూపం గురించి, నేవార్ల ఇటుక, చెక్క, లోహపు పనితనం గురించి వివరంగా రాశాడు. నేవార్ భాషలో, గూర్ఖాల పర్బతియా భాషలో పదాల పట్టికలూ ఇచ్చాడు. పర్బతియాయే నేటి నేపాలీ. అనుబంధంలో కారన్‌వాలిస్‌కూ నేపాల్, టిబెట్ వైపులకూ నడిచిన లేఖలు, 1792 వాణిజ్య ఒప్పందం చేర్చడంతో ఇది మూలాధార గ్రంథం స్థాయికి వచ్చింది.

పరిమితులు

ఒక సాక్ష్యాన్ని ఉపయోగించేముందు దాని హద్దు తెలియాలి. కిర్క్‌పాట్రిక్ కొండల్లో ఉన్నది కొద్ది వారాలు. నడిచింది ఆతిథేయులు చూపిన బాటలో. దర్బారులో విన్నది చదువుకున్న పైవర్గం నోట. నేవార్ రైతు, బరువు మోసే కూలీ పుస్తకంలో కనిపిస్తారు గానీ మాట్లాడరు. రచయిత ఉద్యోగి, ఎవరికి రాస్తున్నాడో ఎప్పుడూ మరవలేదు. పరిశీలనకూ గూఢచర్యానికీ మధ్య గీత ఆ కాలంలో పలచన, ఈ పుస్తకంలో మరీ పలచన. గూర్ఖా దర్బారు అనుమానపడటాన్ని తప్పుపట్టలేం.

ఫలితాలు

తక్షణ ఫలితం శూన్యం. మధ్యవర్తిత్వం జరగలేదు. వాణిజ్య ఒప్పందం కాగితం దాటలేదు. కాఠ్‌మాండూలో రెసిడెంట్‌ను నియమించడానికి దర్బారు అంగీకరించలేదు. 1794లో బహదూర్ షా అధికారం కోల్పోవడంతో ఉన్న కాస్త చనువూ పోయింది. 1793 సెప్టెంబరులో చియెన్‌లుంగ్‌ను దర్శించిన మెకార్ట్నీకి చిత్రమైన చిక్కు వచ్చింది. గూర్ఖాల పక్షాన ఆంగ్లేయులు పోరాడారన్న అనుమానం చైనా అధికారుల్లో ఉండటంతో, సేన పంపకుండా అంత జాగ్రత్త పడినా ఆయన సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది.

దీర్ఘకాలిక ఫలితం దారుల సమాచారం. 1801 ఒప్పందం తరువాత, 1802లో, కాఠ్‌మాండూకు రెసిడెంట్‌గా వెళ్ళింది 1793 బృందంలోని నాక్సే. ఆయన వెంట వెళ్ళిన ఫ్రాన్సిస్ బుకానన్ 1819లో మరో నేపాల్ గ్రంథం ప్రచురించాడు. 1814–16 ఆంగ్ల–నేపాల్ యుద్ధం మొదలయ్యేనాటికి ఆంగ్లంలో నేపాల్‌పై ఉన్న ప్రధాన ముద్రిత గ్రంథం కిర్క్‌పాట్రిక్‌దే. యుద్ధాన్ని ముగించిన సుగౌలీ సంధిపై 1815 డిసెంబరు 2న సంతకాలయ్యాయి, 1816 మార్చి 4న అది ఆమోదం పొందింది.

హైదరాబాద్ సంబంధం

హైదరాబాద్‌లో మరో సైనికాధికారి కెప్టెన్ జాన్ కెన్నవే 1788లో దౌత్యం చేపట్టాడు. గుంటూరు సర్కారును కంపెనీకి అప్పగించమని అడగడానికి కారన్‌వాలిస్ ఆయనను పంపాడు. 1790 జూలై 4న టిప్పుకు వ్యతిరేకంగా నిజాంతో పానగల్లు ఒప్పందం కుదిర్చిందీ ఆయనే. కెన్నవే తరువాత 1794లో ఆ కుర్చీలో కూర్చున్నది నేపాల్ నుంచి వచ్చిన విలియం కిర్క్‌పాట్రిక్.

వచ్చిన కొద్దికాలానికే, 1795 మార్చిలో, ఖర్దా యుద్ధంలో మరాఠాల చేతిలో నిజాం అలీ ఖాన్ ఓడాడు. గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్ జోక్యరహిత విధానం వల్ల కంపెనీ కదలలేదు. కోపించిన నిజాం ఫ్రెంచి సేనాని రేమండ్ దళాన్ని పెంచాడు. అది సుమారు 14 వేలకు చేరింది. యానాం, పుదుచ్చేరి పోగొట్టుకున్న ఫ్రెంచివారికి దక్కన్ నడిబొడ్డున అంత సైన్యం ఉండటం కలకత్తాకు నిద్రపట్టనివ్వలేదు. నేపాల్‌లో కనుమలు లెక్కపెట్టిన కన్ను ఇక్కడ ఆ దళం బలాబలాలను లెక్కపెట్టింది. ఆరోగ్యం చెడి 1797లో కేప్ ఆఫ్ గుడ్ హోప్ చేరిన విలియం, 1798 ఆరంభంలో గవర్నర్ జనరల్‌గా భారతదేశానికి వస్తూ అక్కడ ఆగిన వెల్లస్లీకి ఈ సమాచారమంతా విప్పి చెప్పాడు. 1798 సెప్టెంబరు 1న నిజాంతో సైన్య సహకార సంధి కుదిరింది. ఏటా 24,17,100 రూపాయల ఖర్చుతో ఆరు పటాలాల కంపెనీ సైన్యం, ఫ్రెంచి దళం రద్దు – ఇవి సంధి షరతులు. రేమండ్ అప్పటికే, మార్చి 25న, మరణించాడు. ఆయన సమాధి మూసారాంబాగ్‌లో ఉంది.

నేపాల్‌లో ఫలించని దౌత్యమే హైదరాబాద్‌లో ఫలించింది. నా దృష్టిలో కారణం ఒక్కటే: నేపాల్‌లో రాయబారి యుద్ధం ముగిశాక వెళ్ళాడు, హైదరాబాద్‌లో ఓడిన రాజు పక్కనే ఉన్నాడు.

1799 మే 4న శ్రీరంగపట్నం పతనమయ్యాక మైసూరు పంపకాలకు వేసిన కమిషన్‌లో విలియం సభ్యుడు. ఆ కమిషన్ కార్యదర్శులు జాన్ మాల్కం, థామస్ మన్రో. మన్రో 1800లో దత్తమండలాల ప్రధాన కలెక్టరయ్యాడు. మాల్కం అంతకుముందు హైదరాబాద్‌లో సహాయ రెసిడెంట్. 1800లో పర్షియాకు యుద్ధకాల రాయబారిగా వెళ్ళి, 1815లో పర్షియా చరిత్రను, 1827లో పేరు పెట్టకుండా ఆ ప్రయాణపు ముచ్చట్లను ప్రచురించాడు. 1811లోనే కిర్క్‌పాట్రిక్ టిప్పు సుల్తాన్ లేఖలను పారశీకం నుంచి ఆంగ్లంలోకి తెచ్చాడు.

ఇదే కోవకు దగ్గరగా ఉన్న ఇతర రచనలు

కెప్టెన్ శామ్యూల్ టర్నర్ 1783లో తాషిల్హున్‌పోకు వెళ్ళాడు, పుస్తకం 1800. ఎనిమిదేళ్ళ తరువాత గూర్ఖాలు దోచింది ఆయన చూసి వర్ణించిన మఠాన్నే. ఇది శాంతికాలపు రాయబారం కనుక మన శీర్షిక కిందికి రాదు.

మైకేల్ సైమ్స్ 1795లో బర్మా రాజధాని అమరపురకు వెళ్ళాడు, పుస్తకం 1800. ఫ్రాన్స్‌తో యుద్ధం నడుస్తున్నందున బర్మా రేవులు ఫ్రెంచి ఓడలకు ఆశ్రయం కాకుండా చూడటం ఆయన పనుల్లో ఒకటి. యానాం అభ్యర్థికి బర్మా పరాయిదేశం కాదు. పక్కనున్న కోరంగి రేవు నుంచి రంగూన్‌కు వలస వెళ్ళిన తెలుగువారిని అక్కడివారు ‘కొరంగీలు’ అని పిలిచేవారు.

అభ్యర్థులు తడబడే చోట్లు

కిర్క్‌పాట్రిక్‌లు ఇద్దరు. నేపాల్‌కు వెళ్ళినవాడు అన్న విలియం. 1798 సంధి కుదిర్చి, ఖైరున్నీసాను పెళ్ళాడి, కోఠీలో రెసిడెన్సీ భవనం కట్టించినవాడు తమ్ముడు జేమ్స్ అకిలీస్ (1764–1805). ఆ భవనం ఇప్పుడు వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉంది. అన్నదమ్ములిద్దరూ హైదరాబాద్‌లో రెసిడెంట్లుగా చేయడం వల్లే ఈ గందరగోళం.

రాయబారం 1793, ముద్రణ 1811. ఒకదాని బదులు మరొకటి గుర్తించి మార్కు పోగొట్టుకునేవారు ప్రతి పరీక్షలోనూ ఉంటారు.

‘నేపాల్–చైనా సంధిని కిర్క్‌పాట్రిక్ కుదిర్చాడు’ అన్న వాక్యం కనిపిస్తే నిస్సంకోచంగా తప్పు అని గుర్తించండి. సంధి 1792లో అయిపోయింది. ఆయన 1793లో వెళ్ళాడు.